కిలోమీటరుకు ఒక గ్లాసు

తిరుపతిలో మేము దిగింది జూన్ మొదటి సోమవారం, మధ్యాహ్నం మూడు ఇరవైకి. పూతలపట్టు నుంచి ఆర్టీసీ బస్సు. సామాను రెండు ట్రంకు పెట్టెలు, ఒక గ్యాసు స్టవ్వు, నా పాత కిట్ బ్యాగు. నెత్తిన నిప్పులు పోసినట్టు ఎండ. గది అలిపిరికి పోయే దారిలో ఒక సందులో, రెండో అంతస్తు. పది అడుగులకు పన్నెండు. కిటికీ ఒక్కటే, కొండ వైపు.

సైన్యంలో పదిహేడేళ్ళు సిగ్నల్స్‌లో పనిచేసి హవల్దారుగా దిగిపోయినవాణ్ణి నేను. ఊళ్ళో రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాక తిరుపతిలో ఒక లాడ్జిలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని దొరికింది. మన ఊళ్ళో కనపడినప్పుడల్లా మీరంతా ఎడారి గురించి అడుగుతారు, మంచు గురించి అడుగుతారు. అవన్నీ చెప్పేశాను. ఇది మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. నేను చేసిన డ్యూటీలన్నిట్లో నన్ను నిలువునా వణికించింది ఈ తిరుపతి డ్యూటీ. పన్నెండు వారాలు, నాలుగు రోజులు.

నాతో వచ్చింది సుగుణ, నా భార్య. మేనమామ కూతురు కాబట్టి నన్ను బావా అనే పిలుస్తుంది. నలభై ఏళ్ళు. జీవితంలో పరిగెత్తింది బస్సు కోసమే. తిరుపతిలో సెప్టెంబరు చివర్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పందెం ఉందని లాడ్జిలో ఎవరో కాగితం ఇచ్చారు. నేను పేరు రాయిస్తానని ఇంటికొచ్చి చెప్పాను.

"నా పేరు గూడా రాపీ," అంది.

"నీకెందుకే?"

"నువ్వు పోయిన చోటికంతా ఒక్కడివే పోతివి. దీనికి నేనూ వస్తా. గట్టున నిలబడి సూసేది కాదు, పక్కన పరిగెత్తల్ల."

సరే, రాయిస్తానన్నాను. పెళ్ళయ్యాక సర్వీసులో ఉన్నది పద్నాలుగేళ్ళు. అందులో ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే రెండేళ్ళు కూడా రావు.

అసలు సంగతి ఏమిటంటే నేనూ కొత్తవాణ్ణే. ఏటా ఐదు కిలోమీటర్ల పరీక్ష పరిగెత్తాను, అంతే. మిగతా కాలమంతా వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నాను. కానీ ఆ మాట ఆమెతో అనలేదు. హవల్దారుకు తెలియనిది కూడా ఉంటుందా! మరుసటి రోజే కాగితం మీద ఆర్డర్లు రాసి గోడకు అంటించాను. 04:30 లేవడం. 05:10 రోడ్డు మీద. వారానికి నాలుగు రోజులు. ఆదివారం పెద్ద పరుగు. కిట్: బూట్లు ఒక జత, చుడీదారు ప్యాంటు, నా పాత టీషర్టు, తలకు గుడ్డ. కింద గీత గీసి రాసిన ఆర్డరు ఒకటి ఉంది. కిలోమీటరుకు ఒక గ్లాసు నీళ్ళు, తప్పనిసరి.

ఆ ఆర్డరు వెనక ఒక కథ ఉంది. ఎడారిలో ఉన్నప్పుడు మా సెక్షన్ డ్రైవర్ మధ్యాహ్నం పూట లారీ టైరు మారుస్తూ కూలిపోయాడు. పెదాలు పగిలి, నాలుక బయటికి వచ్చి, మనిషి కట్టెలా అయిపోయాడు. నీళ్ళు తక్కువై అట్లా అయిందన్నారు. బతికాడు కానీ ఆ ముఖం నాలో ఉండిపోయింది. ఎండలో నీళ్ళు తక్కువైతే మనిషి పోతాడు. నాకు తెలిసింది అంతే. నీళ్ళు ఎక్కువైనా పోతాడని నాకెవరూ చెప్పలేదు.

మొదటి రోజు సుగుణ నాలుగు వందల మీటర్లు పరిగెత్తి రోడ్డు పక్కన కూలబడింది. "బావా, గుండె చెవుల్లో కొట్టుకుంటా ఉండాదిబ్బా!" అంది. కింద ఇంటి ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని రోజూ వేళాకోళం చేసేది.

"ఆరంభశూరత్వం సుగుణా, ఆరంభశూరత్వం! పరిగెత్తి యాడికి పోతావు తల్లీ? పోవాలంటే కొండ ఈడనే ఉండాది గదా, ఎక్కరాదా?"

సుగుణ నా వైపు చూసింది. "రేసు కానీ, ఆ తర్వాత చూద్దాంలే," అన్నాను.

నాలుగో వారానికి ఆగకుండా మూడు కిలోమీటర్లు. ఏడో వారానికి ఎనిమిది. కాలి వేళ్ళకు బొబ్బలు, ఒక గోరు నల్లబడి ఊడింది. ఆ గోరు నాకు చూపించి పిల్లలా మురిసిపోయింది. మా బృందంలో మూడో మనిషి ఒక ఆటో డ్రైవర్, పక్క గదివాడు. పెద్ద పరుగు ఉన్న రోజున నీళ్ళ బాటిళ్ళు, అరటిపళ్ళు తెచ్చి దారిలో నిలబడేవాడు. వాడికి నేను సప్లై అని పేరు పెట్టాను. ఫోనులో మా మాటలు వైర్‌లెస్‌లో లాగే ఉండేవి.

"సప్లై, యాడుండావు?"

"ఆరో కిలోమీటరన్నా. చింతచెట్టు కాడ."

"మూడు నిమిషాల్లో వస్తాం."

"రాండి, రాండి. అరటిపండ్లు కోతి ఎత్తుకపోయినాదన్నా, నీళ్ళే ఉండాయి."

సుగుణకు శనివారం ఒక్కపొద్దు. అది తెలుసు. మన వైపు ఆడవాళ్ళలో సగం మందికి శనివారం ఒక్కపొద్దే. శనివారాలు నాకు లాడ్జిలో పన్నెండు గంటల డ్యూటీ, తిండీ అక్కడే. ఊళ్ళో ఉన్న రెండేళ్ళూ నాకు ముందు పెట్టేసి తను వెనక తినేది. ఆమె రాత్రి ఏం తింటుందో నేను చూసింది లేదు. "ఒక్కపొద్దు ఉండి ఆదివారం పరిగెత్తగలవా?" అని ఒకసారి అడిగాను. "రేత్రికి తింటా గదా," అంది. అంతటితో ఆ విచారణ ముగిసింది. సిగ్నల్స్‌లో పనిచేసినవాణ్ణి! ఒక మాట వింటే తిరిగి అడిగి ఖరారు చేసుకోవడమే పదిహేడేళ్ళు నేను చేసిన పని. ఇంట్లో మాత్రం ఆ పని చేయలేదు.

పన్నెండో వారం, ఆదివారం. ఆగస్టు. రాత్రి చినుకులు పడ్డాయి, పొద్దున గాలి లేదు, ఒళ్ళంతా జిగట. ఆ రోజు లక్ష్యం పద్దెనిమిది కిలోమీటర్లు. అంతవరకు మేము పరిగెత్తింది పన్నెండే. అలిపిరి నుంచి జూ పార్కు రోడ్డు మీదుగా శ్రీనివాసమంగాపురం వైపు తొమ్మిది, వెనక్కి తొమ్మిది. బయల్దేరే ముందు లీటరు నీళ్ళు తాగించాను. 05:10కి కదిలాం. కుడి వైపు కొండలు, మబ్బు సగం దాకా దిగి ఉంది.

తొమ్మిదో కిలోమీటరు దాకా కబుర్లు చెబుతూనే వచ్చింది. పన్నెండో కిలోమీటరు దగ్గర, 07:35కు, సప్లై ఆటో ఆపి ఉంచాడు. ఆ రోజు వాళ్ళావిడ ఉప్పు మజ్జిగ చేసి పంపింది.

"వదినా, మజ్జిగ తాగు. సల్లగా ఉండాది."

"ఇప్పుడొద్దబ్బా. ఇంటికి పోయి, తలకి పోసుకొని, దీపం పెట్టినాక తాగుతా."

ఆ మాట నా చెవిన పడింది. పడి పోయింది. పైగా నేనే వంత పాడాను. "పరుగులో మజ్జిగ వద్దులే, కడుపులో తిప్పుతుంది. నీళ్ళు తాగు," అని గ్లాసు అందించాను. మిగిలిన మజ్జిగ నేను తాగాను.

పద్నాలుగో కిలోమీటరులో తలనొప్పి అంది. చేతులు చూపించింది.

"గాజులు బిగుసుకుంటా ఉండాయి బావా. వేళ్ళు సూడు, ఎట్ల ఉబ్బినాయో."

"ఎండకి అట్లనే ఉంటాదిలే. నీళ్ళు తాగు."

"నీళ్ళు సాలు బావా. వాంతి వచ్చేట్టుండాది."

"అదే, నీళ్ళు తక్కువైతే అట్లనే ఉంటాది. తాగల్ల. ఆర్డరు!"

నవ్వుతూ అన్నాను ఆర్డరు అని. ఆమె తాగింది. పదహారో కిలోమీటరు, 08:35. రోడ్డు పక్కన ఒక కల్వర్టు. దాని గోడ మీద కూర్చుంది. కక్కింది. అంతా నీళ్ళే, తేటగా. నేను అర లీటరు బాటిల్ మూత తీసి మళ్ళీ నోటికి పెట్టాను. మీకు దండం పెడతాను, ఆ మాట రెండోసారి చెప్పించకండి. అవును, మళ్ళీ పట్టించాను.

బాటిల్ తీసేసి నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది.

"మీరెవురప్పా?" అంది.

ఎగతాళి అనుకున్నాను. నవ్వబోయాను. ఆ కళ్ళు చూసి ఆగిపోయాను. భార్య మొగుణ్ణి చూసే చూపు కాదది. బస్టాండులో పరాయివాణ్ణి చూసినట్టు, మర్యాదగా, జాగ్రత్తగా చూస్తోంది. ఇంకో రెండు మూడు మాటలు మాట్లాడింది. 08:52కు ఫిట్స్ వచ్చాయి.

ఫోను తీసి రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మూడోసారికి తగిలింది.

"సప్లై! రా! కల్వర్టు!"

"ఏమైనాదన్నా?"

"రా రా నాయనా, రా!"

ఆరు నిమిషాల్లో వచ్చాడు. ఆమె తల నా ఒడిలో. ఆటో సీటు మీద కట్టెలా బిగుసుకుపోయింది. 09:20కి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద పెట్టాం.

డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల, పాతికేళ్ళు దాటి ఉండవు. రక్తం తీసి పంపి, రిపోర్టు వచ్చాక నన్ను పిలిచింది.

"నీళ్ళు ఎన్ని తాగారు?"

"లెక్కుంది మేడం," అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి అందించాను, పై ఆఫీసరుకు రిపోర్టు ఇచ్చినట్టు. "ఆరున్నర లీటర్లు."

ఆమె పుస్తకం చూడలేదు. నన్నే చూసింది.

"ఎవరు తాగమన్నారు?"

"నేనే మేడం. వడదెబ్బ తగలకూడదని."

"ఇది వడదెబ్బ కాదండీ. రక్తంలో ఉప్పు పడిపోయింది. ఇంత తక్కువ నేను చూడలేదు. ఒట్టి నీళ్ళు అన్ని పోస్తే ఉన్న ఉప్పు పలచబడిపోతుంది. మెదడు వాచింది, అందుకే ఫిట్స్. నిన్న ఏం తిన్నారు ఆమె?"

నాకు తెలియదు. పదహారేళ్ళ కాపురం. నా భార్య నిన్న ఏం తిన్నదో నాకు తెలియదు. బయటికి వచ్చి మరదలికి ఫోన్ చేశాను. సంగతి చెప్పి, శనివారం అక్క ఏం తింటుందని అడిగాను.

"సప్పిడి అన్నం, పాలు. అంతే గదా బావా," అంది మరదలు ఏడుస్తూ. "శనివారం అక్క ఉప్పు ముట్టదు. ఆదివారం తలకి పోసుకొని దీపం పెట్టేదాకా ముట్టదు. నీకు తెలీదా?"

"ఎప్పట్నించి?"

"మీ పెండ్లయిన ఏడు నువ్వు బార్డరుకి పోయినావే, అప్పట్నించి. నువ్వు సల్లగా ఉండల్లని. ఊరంతా తెలుసు గదా బావా!"

ఊరంతా తెలుసు. ఇది వింటున్న మీ అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే. ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాను. నా ప్రాణం కోసం ఉప్పు మానేసిన మనిషికి నేనే గ్లాసు గ్లాసుగా లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని మరీ, ప్రాణం మీదికి తెచ్చాను. ఛీ! ఏం బతుకు నాది అనిపించింది.

ఉప్పు నీళ్ళు నరంలోకి ఎక్కించారు. చుక్క చుక్కగా. త్వరగా ఎక్కిస్తే ఇంకో ప్రమాదమట. ఆరు గంటలకోసారి రక్తం తీశారు. రెండో రోజు సాయంత్రం నాలుగు పదికి కళ్ళు తెరిచింది.

"బావా, రేసు అయిపోయినాదా?"

నేను ఏడ్చాను. దాచుకునేదేముంది, భోరున ఏడ్చాను. నర్సు వచ్చి బయటికి పంపింది.

మూడో రోజు అడిగాను, ఆ ఉప్పు సంగతి నాకెందుకు చెప్పలేదని.

"మొక్కు ఎవురన్నా సెప్పుకుంటారా?"

"నేను వచ్చేసి రెండేండ్లయింది గదే! ఇంగా ఎందుకు పట్టినావు?"

"నువ్వు పూర్తిగా వచ్చినాక ఇద్దరం నడిసి కొండెక్కి విడవల్ల అని మొక్కుకుంటి. రెండేండ్ల నుంచీ అడగతానే ఉండా గదా, కొండకి పోదాం పా బావా అని. జనం ఎక్కువంటివి. ఎండంటివి. రేసు కానీ అంటివి."

తిట్టినా బాగుండేది. తప్పు నాది కాదన్నట్టు మామూలుగా చెప్పింది. పన్నెండు వారాలు ఆ కొండ పాదాల దగ్గరే రోజూ ఆమెను అటూ ఇటూ పరిగెత్తించాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పంపించేశారు. ఉద్యోగం వదిలేశాను. అదే ఆర్టీసీ బస్సులో పూతలపట్టులో దిగాం. మీరంతా వచ్చి చూశారు, ఎండదెబ్బ అని మీకు చెప్పింది నేనే. సిగ్గుతో అబద్ధం చెప్పాను. డాక్టరు ఒప్పుకున్నాక అక్టోబరులో ఇద్దరం నడిచి కొండ ఎక్కాం. ఐదున్నర గంటలు పట్టింది. ఎక్కడ కూర్చోవాలో, ఏం తాగాలో ఆమే చెప్పింది. మొక్కు విడిచింది. రేసు జరిగిపోయింది, మేము పోలేదు.

ఒళ్ళు గగుర్పొడిచేవి చాలా చూశాను. మంచు కింద నుంచి మనుషుల్ని తవ్వి తీశాం. అవేవీ నాకు కలలోకి రావు. వచ్చేది ఆ కల్వర్టు. ఎవరప్పా అని అడిగాక ఆమె ఇంకేం మాట్లాడిందో డాక్టరుకు చెప్పలేదు, మరదలికి చెప్పలేదు, సుగుణకూ చెప్పలేదు. ఆమెకు గుర్తు లేదు.

ఆ కల్వర్టు గోడ మీద కొంచెం పక్కకు జరిగి, పరాయి మగవాడికి చోటిచ్చినట్టు నాకు చోటిచ్చింది. టీషర్టు కిందికి లాక్కుని సర్దుకుంది. నా జుట్టు కత్తిరింపు చూసి, "మీరు మిలిట్రీనా?" అంది.

"అవునమ్మా," అన్నాను.

"మా బావ గూడా మిలిట్రీనే. యాడన్నా కనపడితే నేను బాగుండానని సెప్పండప్పా. నాకి శాన భయంగా ఉండాది. అది మాత్రం సెప్పొద్దండి."

"అట్లాగే," అన్నాను. ఆమె చెయ్యి కొట్టుకోవడం మొదలైంది.