ఎడమచేతి నాణెం

ఈ దేశానికి వచ్చిన కొత్తలో, మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో నేను చూసుకున్న యూదు మామ్మగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. స్నానం నేను చేయించాలి, సూప్ నేను తాగించాలి. రెండువేల నాలుగో, ఐదో. మన దగ్గర నర్సునే అయినా ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇంకా రాక, కేర్‌గివర్‌గా ఇల్లిల్లూ తిరుగుతున్న రోజులవి.

శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆలోగా దీపాలు పెట్టాలి. దీపాలకన్నా ముందు, కిటికీ దగ్గరున్న రేకు డబ్బాలో లేనివాళ్ళ కోసం ఒక నాణెం వెయ్యాలి. దీపాలు వెలిగాక ఆవిడ డబ్బు ముట్టుకోదు.

నా కన్నంతా ఆ డబ్బా మీదే. తుడిచే వంకతో ఒకసారి ఊపి కూడా చూశాను. ఈవిడే ప్రభుత్వమిచ్చే పెన్షన్‌తో బతుకుతోంది, ఇంకా ఎవరికి పెడుతుంది? నా నోరు ఊరుకుంటుందా, అడిగేశాను.

"పుచ్చుకునేవాళ్ళు కూడా ఇవ్వాల్సిందే, అమ్మాయ్. మా ధర్మం అది," అంది. "ఇవ్వకపోతే నేనెవర్ని మరి?"

ఆ మాట నాకు అర్థం కాలేదు. దారంతా బస్సులో దాని గురించే ఆలోచించాను.

ఇంతలో నేను చేసిన నిర్వాకం వినండి. ఆవిడ ఎడమచేత్తో నాణెం తీయగానే నా ప్రాణం విలవిల్లాడేది. ఎడమచేత్తో దానమా! చిన్నప్పుడు ఆ చేత్తో చాక్లెట్ ఇచ్చినా మా అమ్మ వేళ్ళ మీద కొట్టేది. పైగా ఆవిడ చెయ్యి వణుకుతుంది కూడా. అందుకని తగుదునమ్మా అంటూ నాణెం అందుకుని, నా కుడిచేత్తో టక్కున డబ్బాలో వేసేదాన్ని. ఎంత మేలు చేస్తున్నానో అని మురిసిపోయాను కూడా.

నాలుగో శుక్రవారం ఆవిడ సూప్ తాగలేదు. స్పూను దగ్గరకు తెస్తే మొహం తిప్పుకుంది. ఆ తర్వాత వారమంతా అదే వరస. ఎడమచేత్తో తనే రొట్టెముక్క కొరుక్కుని సరిపెట్టుకునేది. మనిషి పీక్కుపోయింది. నాకు భయమూ వేసింది, ఒళ్ళూ మండింది.

"నేనేం తప్పు చేశానో చెప్పి తిట్టండి!" అన్నాను.

"స్నానం నువ్వే, తిండి నువ్వే. చివరికి ఆ నాణెం వేసేదీ నువ్వే. ఇంక నేనిచ్చిందేముంది? ఊరికే ఎంతకని తీసుకోను?"

"అది ఎడమచెయ్యండీ..." అని నసిగాను.

"నాకు మిగిలింది అదే."

నాకు చచ్చేంత సిగ్గేసింది.

చలికాలం కదా, ఆ శుక్రవారం అయిదింటికే పొద్దు వాలిపోతోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వేసిన నాణెం డబ్బా అంచుకు తగిలి కింద పడింది. ఏరి, ఆవిడ ఎడమ అరచేతిలోనే పెట్టాను. మళ్ళీ పడింది. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది. నా తర్వాతి డ్యూటీకి ఎలాగూ ఆలస్యమైపోయింది. లాక్కుని వేసేద్దామా అని నా వేళ్ళు ఒకటే జిల. దేవుడా, ఈసారైనా లోపల పడనివ్వు అనుకున్నాను.

అయిదోసారికి పడింది.

అగ్గిపుల్ల నేను గీసి అందిస్తే, దీపాలు ఆవిడే వెలిగించింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఆకలేస్తోంది. ఇప్పుడు తినిపించు, అమ్మాయ్," అని నోరు తెరిచింది.