మా అత్త పాడుచేసిన ఫోటోలు

మా అత్త ఈ లోకంలో చేసిన ఆఖరి పని నా ఫోటో పాడుచేయడం.

ఆదివారం పొద్దున స్టూడియోలో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. నేను చుబుకం కింద చెయ్యి పెట్టుకుని, లోకం సంగతి ఏమవుతుందోనని దిగులుపడే రచయితలా మొహం పెట్టాను. "ఊపిరి బిగబట్టు" అని మీట నొక్కింది. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"అల్లుడూ, అయ్యో, పాడైపోయిందిరా. నీ ఎడమ చెవి కదిలింది. వచ్చే ఆదివారం రా."

ఎడమ చెవి దానంతటది ఎలా కదులుతుందని అడిగాను.

"నేనూ అదే ఆశ్చర్యపోతున్నాను" అని పెట్టేసింది.

ఆ వచ్చే ఆదివారం దాకా ఆవిడ ఆగలేదు. భోజనం చేసి కాస్త కునుకు తీస్తానని పడుకుని, ఇక లేవలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయిందని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నా పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది, వెనక అట్ట మీద వేయడానికి ఫోటో లేదు.

మా అత్త అంటే మా నాన్న చెల్లెలు. వృత్తి ఫోటోలు తీయడం, ప్రవృత్తి వాటిని పాడుచేయడం. ఒక మనిషి ఫోటో ఆవిడ మొదటిసారికే సరిగ్గా తీసిందని మా వంశంలో చెప్పగా నేను వినలేదు. మా చెల్లెలి పెళ్ళికి ఆవిణ్ణి మొట్టమొదట పిలిచాం, ఫోటోలకు మాత్రం వేరేవాణ్ణి పిలిచాం. ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆ ఫోటోగ్రాఫరు వెనకాలే తిరుగుతూ, "అన్నీ ఒక్కసారికే వచ్చేస్తున్నాయా బాబూ? పాపం" అని జాలిపడింది.

స్టూడియో అంటే రెండు గదులు. ముందు గదిలో పెద్ద కిటికీ, బూడిదరంగు తెర, ఒక కాలు పొట్టిగా ఉన్న స్టూలు. వెనక గదిలో ఎర్రబల్బు, ఫోటోలు కడిగే తొట్లు. పక్కనే మామయ్య ఫ్రేములు కట్టే కొట్టు. రెంటికీ మధ్య ఒక చెక్క తలుపు, దాని గుండా రోజంతా వాదన. మామయ్య పెదాల మధ్య మేకులు పట్టుకునే మాట్లాడతాడు కాబట్టి ఆయన కోపం ఎప్పుడూ కొంచెం ఈలలాగా వినిపించేది. ఫ్రేము తయారు చేసి పెట్టుకుంటే లోపల పెట్టడానికి ఫోటో రాదని ఆయన బాధ.

"ఫోన్లో తీస్తే అప్పటికప్పుడే కనపడుతుంది కదత్తా" అని ఓసారి సలహా ఇచ్చాను.

"దాంతో వచ్చిన చిక్కే అదిరా. పాడవడానికి సందే ఉండదు."

ఎదురు వీధిలో ఐదు నిమిషాల్లో ఫోటో చేతిలో పెట్టే షాపు వెలిశాక, పని తొందర ఉన్న జనమంతా అటు పోయారు. మా అత్తకు రెండు రకాలవాళ్ళు మిగిలారు. వెనక సందులో తాగుడు మాన్పించే కేంద్రం ఉండేది, అక్కడివాళ్ళు. వీధి చివర పెద్ద లాండ్రీ ఉండేది, అందులో పనిచేసే పరాయి దేశాలవాళ్ళు. వాళ్ళకు ఫోటో అవసరమూ ఉంది, ఎదురుచూడ్డం అలవాటూ ఉంది. కుదిరేదాకా ఆవిడ పైసా తీసుకోదు. కుదిరిన ఫోటోను మాత్రం తలుపంత చేయించి, వీధిలోకి కనిపించే అద్దం వెనక నిలబెట్టేది. వీధిలో వాళ్ళు ఎదురైతే పక్కకు తప్పుకుపోయే పెద్దమనుషులు, అద్దం దగ్గరికొచ్చేసరికి తప్పుకోవడానికి వీల్లేక ఆ మొహాల కళ్ళలోకి చూసుకుంటూ పోవాల్సి వచ్చేది.

వాళ్ళలో మొదట చెప్పాల్సినవాడు డ్రైవరు. తాగి బస్సు నడిపాడన్న చెడ్డపేరు ఆయనకు లేదు. తాగడానికి తీరిక చాలక బస్సు నడపడమే మానేశాడు. భార్య ఇంట్లోంచి పంపేసింది. కేంద్రంలో చేరి కొన్నాళ్ళయ్యాక వెళ్ళి తలుపు కొడితే, ఆవిడ లోపలినుంచే అందట, నువ్వెవరో నాకు తెలీదు, నేను పెళ్ళాడినవాడి మొహం ఉన్న ఫోటో ఒకటి పట్టుకురా, పోల్చుకుంటే తలుపు తీస్తాను అని. విన్నవాళ్ళంతా ఆవిడేదో కడుపుమంటతో అంది అనుకున్నారు. డ్రైవరూ, మా అత్తా మాత్రం దాన్ని అక్షరాలా నమ్మారు.

మొదటి ఫోటో పాడైంది.

"కళ్ళు వచ్చాయి నాయనా, చూపు రాలేదు. ఆదివారం రా."

రెండోది ఎందుకు పాడైందో అడిగితే, కడిగే మందు పాతబడిందని చెప్పింది. పాతబడితే మందు ఇంకా బాగుంటుంది కదండీ అన్నాడు డ్రైవరు, అనుభవం కొద్దీ. మా అత్త నవ్వి, మళ్ళీ ఆదివారమే రమ్మంది. మూడోసారి పిల్లి అడ్డొచ్చింది. ఆ స్టూడియోలో పిల్లి లేదు. గది నలుమూలలా వెతికి మరీ ఆ సంగతి చెప్పాడు డ్రైవరు. "చూశావా, ఎంత తొందరగా పారిపోయిందో" అంది మా అత్త.

ఒక ఆదివారం ఆయన తూలుతూ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు గొడవ ఖాయమని మామయ్య నోట్లోంచి మేకులు తీసి చేత్తో పట్టుకున్నాడు. మా అత్త కిటికీలోంచి చూసింది. బయట ఎండ పేలిపోతోంది.

"ఇవాళ వెలుతురు బాలేదు నాయనా" అంది.

"ఎండ..." అని ఏదో అనబోయాడు డ్రైవరు.

"బాలేదన్నానా. వచ్చేవారం బాగుంటుంది. వస్తావుగా?"

డ్రైవరు ఆ ఎండ వంక చాలాసేపు చూశాడు. వస్తానని తలూపి వెళ్ళిపోయాడు. పై ఆదివారం ముసురు పట్టింది. ఉతికిన చొక్కా వేసుకుని, గొడుగు కింద నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. ఎంత మంచి వెలుతురో అంటూ మా అత్త ఆ మసక గదిలో కెమెరా తీసింది. అదీ పాడైందనుకోండి.

లాండ్రీ ఆవిడ సంగతి ఇంకో రకం. వచ్చిన కొత్తలో ఆవిడకు మన భాషలో మూడు మాటలు తెలుసు: అవును, కాదు, మరక. ఆ మూడింటితో లాండ్రీలో ఉద్యోగం చేయొచ్చు గానీ, ఊళ్ళో ఒక మనిషిని సంపాదించుకోలేం. వాళ్ళమ్మకు పంపడానికి ఫోటో కావాలని బుగ్గలు పూరించి, గాలి బిగబట్టి చూపించింది. లావుగా కనబడాలన్నమాట. మా అత్త తీసింది, పాడుచేసింది. ఎందుకు పాడైందో తెలుసుకోవాలంటే ఆవిడకు ఇంకో మాట నేర్చుకోక తప్పలేదు. అలా వారం వారం తగాదా కోసం మాటలు పోగుచేసుకుని, ఒకరోజు స్టూలు మీద కూర్చుని, వేళ్ళు మడుస్తూ, ఒక పూర్తి వాక్యం అంది.

"నీకు ఫోటోలు తీయడం రాదు."

మా అత్త మొహం వెలిగిపోయింది. చెక్క తలుపు తోసుకుని వెళ్ళి, "ఏమండీ, విన్నారా? ఒక్క తప్పు లేకుండా అంది" అని మామయ్యకు చెప్పింది.

"పెళ్ళైన దగ్గర్నుంచీ నేను అనేది ఆ మాటే. నన్నొక్కనాడూ మెచ్చుకోలేదు" అన్నాడు మామయ్య మేకుల్లోంచి.

చివరికి డ్రైవరు ఫోటో, లాండ్రీ ఆవిడ ఫోటో కూడా కుదిరి అద్దం వెనకకు చేరాయి. ఈ మొహాల కబురు పైకి పాకి, టౌను హాలు కమిటీ నుంచి ఒకాయన వచ్చాడు. వలస మీదా, వ్యసనం మీదా ప్రదర్శన పెడుతున్నారట. ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసి, పెదవి విరిచాడు.

"వీళ్ళ మొహాల్లో బాధ కనపడటం లేదండీ."

"ఏం కనపడుతోంది?"

"ఏదో చిరాకు."

"నిజమే. ఇన్నిసార్లు తిప్పించుకుంటే చిరాకు రాదా?"

"జనం చూసి కరిగిపోవాలి కదండీ. ఆ డ్రైవరు చేతిలో ఒక సీసా ఉంటే బాగుంటుంది. ఆ అమ్మాయి ఒక మూట పక్కన పెట్టుకుని, దూరంగా ఎటో చూస్తూ ఉంటే..."

మా అత్త చాలా శ్రద్ధగా విని, ఎలాగో నాకు సరిగ్గా తెలియడం లేదు, మీరొకసారి కూర్చుని చూపించండి అంది. ఆయన పొంగిపోయి కూర్చున్నాడు. మామయ్య ఫ్రేములకు వార్నిష్ పూసే సీసా ఆయన చేతిలో పెట్టి, పాత తెరలు మూటకట్టి ఒళ్ళో పెట్టింది. దూరంగా ఎటో చూడమంది. చూశాడు. మీట నొక్కింది. ఆ ఫోటో మొదటిసారికే అద్భుతంగా కుదిరింది. మర్నాడు పొద్దున అద్దం వెనక, తలుపంత ఎత్తున, సీసాతో, మూటతో కమిటీ ఆయన దూరంగా ఎటో చూస్తున్నాడు.

సాయంత్రానికి ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఆ ఫోటో తీసేసేటట్టూ, మిగతా ఫోటోలను ఉన్నవి ఉన్నట్టుగా ప్రదర్శించేటట్టూ ఒప్పందం కుదిరింది. హాల్లో గోడ నిండా చిరాకు మొహాలు. జాలిపడదామని తీరిక చేసుకుని వచ్చిన జనం, ఏదో తప్పుచేసి దొరికిపోయినట్టు తలలు దించుకుని బయటికొచ్చారు.

డ్రైవరు ఫోటో కూడా అందులో ఉంది. ప్రదర్శన అయ్యాక మామయ్య కట్టిన ఫ్రేముతో సహా దాన్ని వీపు మీద మోసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. సాయంగా నన్ను వెంట పంపించారు. సందు తిరిగే ప్రతిచోటా ఫ్రేము మూల గోడకు తగిలి, ఆయన చిరాకు పడేవాడు. తలుపు కొట్టి, ఫోటోను అడ్డంగా నిలబెట్టి, దాని వెనక దాక్కున్నాడు. భార్య తలుపు ఓరగా తీసి, చాలాసేపు చూసింది.

"ఈ మొహం నేనెరుగుదును" అంది చివరికి. "కూరలో ఉప్పు తగ్గితే ఇలాగే చూసేవాడు."

ఫోటోను లోపలికి లాక్కుని తలుపు వేసేసుకుంది. డ్రైవరు ఖాళీ చేతులతో నా వంక చూశాడు. కాసేపటికి మళ్ళీ తలుపు తెరుచుకుంది.

"నువ్వింకా అక్కడే నిలబడ్డావేం?"

ఇక నా ఫోటో. మా అమ్మ పోయాక నేను ఇల్లు కదలడం మానేశాను. రచయితకు అదొక వెసులుబాటు, దానికి ఏకాంతమని పేరు పెట్టుకోవచ్చు. పుస్తకం వస్తోందని, వెనక అట్టకు ఫోటో కావాలని ఫోన్లో చెబితే, నేనుండగా ఇంకొకడు తీస్తాడా అని అత్త పట్టుబట్టింది. వెళ్ళాను. పాడైంది. ఈసారి గడ్డం గీసుకుని రమ్మంది. అదీ పాడైంది. జుట్టు కత్తిరించుకుని రమ్మంది. ఆ తర్వాత రాత్రి నిద్రపోయి రమ్మంది. ఆదివారం ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఫోటో అయ్యాక ముగ్గురం కలిసి భోంచేసేవాళ్ళం. మామయ్యా అత్తా తగువులాడుకుంటే నేను తీర్పు చెప్పేవాణ్ణి, ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. పెద్దావిడ, చెయ్యి వణుకుతున్నట్టుంది, వేరేచోటికి పోతే చిన్నబుచ్చుకుంటుందని నేను సర్దుకుపోతున్నాననే నా నమ్మకం. ఇంత ఓపిక నాకెలా వచ్చిందా అని నన్ను చూసి నేనే ముచ్చటపడేవాణ్ణి.

అత్తను సాగనంపి వచ్చాక స్టూడియో నిండా జనం. డ్రైవరూ భార్యా వచ్చారు. లాండ్రీ ఆవిడ వచ్చి, మరకలేని మన భాషలో అందరికీ మంచినీళ్ళు కావాలా అని అడుగుతోంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, కాసేపటికి పిల్లి ఎవరెవరికి అడ్డొచ్చిందో లెక్క తేలింది. అందరికీ వచ్చింది. ఏడవడానికి వచ్చినవాళ్ళు పడీపడీ నవ్వడం మొదలుపెట్టారు.

"ఆవిడకు ఫోటోలు తీయడం బాగానే వచ్చని నాకు రెండోసారికే తెలుసండీ" అన్నాడు డ్రైవరు. "ఆదివారం దాకా తాగకుండా ఉండటానికి నాకింకో సాకు దొరకలేదు. అందుకని ఊరుకున్నా."

నాకూ నవ్వొచ్చింది. ఎంత అమాయకంగా ఇన్నాళ్ళు తిరిగారో వీళ్ళు అనుకున్నాను. నా విషయంలో మాత్రం పాపం ఆవిడకు నిజంగానే చెయ్యి వణికిందని, ఆఖరిదాకా నేనేమీ అనలేదని మామయ్యతో చెప్పాను. ఆయన నా వంక అదోలా చూసి, కొట్లోకి వెళ్ళి, ఒక ఫ్రేము పట్టుకొచ్చాడు.

అందులో ఎవడో ఉన్నాడు. మాసిన గడ్డం, నలిగిన నీలం చొక్కా. కళ్ళు వచ్చాయి, చూపు రాలేదు. నన్ను నేను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"మొదటి ఆదివారం తీసింది" అన్నాడు మామయ్య. "అద్దంలా వచ్చింది. అది చూసే మీ అత్తకు భయం వేసింది."

"మరి ఆ తర్వాత తీసినవేవి మామయ్యా? చెవి కదిలిందైనా ఇవ్వు, అట్ట మీద వేసుకుంటాను."

మామయ్య నోట్లో మేకులు లేవు. అయినా మాట ఈలలాగే వచ్చింది.

"ఆ తర్వాత కెమెరాలో రీలు లేదురా. అయినవాడి మీద రీలు దండగెందుకు అంది."