దింపుడు కళ్లం దగ్గర మా పెదనాన్న అన్న మాట

మా పెదనాన్న గురించి మాచర్ల, గురజాల వైపు ఇప్పటికీ ఒక హాస్యం చెప్పుకుంటారు. చనిపోయిన తమ్ముడి చెవిలో నోరుపెట్టి, "గట్టురాయి యాడ పూడ్చావో చెప్పి పోరా" అన్నాడట. చెప్పినవాళ్లు నవ్వుతారు, విన్నవాళ్లు నవ్వుతారు. ఆ మాట ఆయన అనలేదు. నేను సినిమా కోసం రాశాను. ఆయన అన్నది వేరే మాట. దాన్ని విన్నవాడిని నేనొక్కడినే కాబట్టి, చెప్పాల్సినవాడినీ నేనే.

మా నాన్నకీ పెదనాన్నకీ మధ్య ఉన్న తగాదా ఒక గట్టు గురించి. వాళ్ల మిరప చేలు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో జానెడు గట్టు, దాని మొదట్లో ఒక నాపరాయి. ఒక వానాకాలం తర్వాత ఆ రాయి కనపడలేదు. నువ్వు పీకావంటే నువ్వు పీకావన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ ఎద్దులకు చెప్పేవాళ్లు. పెదనాన్న తన ఎద్దును అదిలిస్తూ, "పక్కోడి చేలోకి చూడమాకరా, వాడు నీ కొమ్ములు గూడా కొలుచుకుంటాడు" అనేవాడు. మా నాన్న వెంటనే తన ఎద్దుతో, "కుంటోళ్ల మాటలు మనకెందుకురా, నడువు" అనేవాడు. పెదనాన్న కాలిని ఎప్పుడో బండి చక్రం తొక్కింది. ఆయన కుడికాలు ఈడ్చి నడిచేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మిరప కోతలప్పుడు, మూడు రోజుల జ్వరంతో మా నాన్న పోయాడు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు.

ఆ చావుకు వచ్చినవాళ్లలో మా మేనత్తలిద్దరూ ముఖ్యులు. ఇద్దరూ తోడబుట్టినవాడి మీద కప్పడానికి చెరొక గుడ్డ తెచ్చారు. ఎవరిది పైన ఉండాలన్నది సమస్య. పెద్దత్త ఏడుపు ఆపకుండానే తగాదా పెట్టుకోగలదు.

"నన్ను ఒంటిదాన్ని చేసి పోయావా నా తోడబుట్టినోడా... ఒసే, ఆ గుడ్డ తియ్యవే, నాది పైన ఉండాలి... ఇంక నాకు పుట్టిల్లు యాడిదిరా నాయనా..."

"ఎందుకుండాలి?" అంది చిన్నత్త. "ముందు పుట్టావని చావులో గూడా నీదే పెత్తనమా?"

"నీది రేషన్లో ఇచ్చే కంట్రోలు గుడ్డే! నా తమ్ముడు కంట్రోలు గుడ్డ కప్పుకొని పైకి పోవాలా?"

"నీదేమన్నా పట్టా? ఎండకు పట్టి చూడు, అవతల మనిషి కనపడతాడు."

చివరికి మా మేనమామ తీర్పు చెప్పాడు. ఇంటి నుంచి దింపుడు కళ్లం దాకా పెద్దదాని గుడ్డ పైన, అక్కడి నుంచి శ్మశానం దాకా చిన్నదాని గుడ్డ పైన. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పందం సరిగ్గా జరుగుతుందో లేదో చూడటానికి ఇద్దరూ పాడె వెనకాలే వచ్చారు.

దింపుడు కళ్లం అంటే సగం దారిలో పాడెను నేల మీద దించే చోటు. పోయిన ప్రాణం ఎక్కడైనా కొసరు మిగిలి ఉందేమోనన్న ఆశతో అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మా ఊళ్లో ఆ చోటు సరిగ్గా మా మిరపచేల పక్కనే. పాడె దించారు. డప్పులు ఆగాయి. నిప్పుకుండ చేతిలో ఉంచుకొనే నేను వంగి మూడుసార్లు నాన్నా అని పిలిచాను. నేను లేవగానే అత్తలిద్దరూ గుడ్డలు మార్చడానికి చెరో కొసా పట్టుకున్నారు. అప్పుడు పెదనాన్న చేలో నుంచి కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. మా వాకిట్లోకి ఆయన రాలేదు. అక్కడికి వస్తాడని కూడా ఎవరూ అనుకోలేదు. అత్తలు గుడ్డలు పట్టుకొని అట్లాగే నిలబడిపోయారు.

ఆయన ఎవరివైపూ చూడలేదు. నా పక్కనే మోకాళ్ల మీద కూర్చొని, మా నాన్న చెవి దగ్గరికి వంగాడు. గట్టిగా తప్ప మాట్లాడటం రాని మనిషి, ఆ పూట చాలా మెల్లగా మాట్లాడాడు.

"గట్టు నీదేరా చిన్నోడా. మొత్తం నీదే. లే. లేరా."

చివరి మాట రెండుమూడుసార్లు అన్నాడు. కాసేపు చూశాడు. నిజంగానే లేస్తాడేమోనని చూశాడని నాకిప్పటికీ అనిపిస్తుంది. తర్వాత లేచి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ రోజే అందరూ నన్ను అడిగారు, ఏమన్నాడని. సరిగా వినపడలేదన్నాను. మా అమ్మ అడిగినప్పుడూ అదే చెప్పాను. ఆ మాట పైకి చెబితే, తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఆయన్ని తిట్టిన తిట్లకు అర్థం లేకుండా పోతుంది. అప్పట్లో నాకు అది కష్టంగా తోచింది. నా మొదటి తప్పు అక్కడే జరిగింది.

పెదనాన్న మాత్రం అన్నమాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది గట్టును, దాని పక్కన తన వైపు ఒక సాలునూ మాకు వదిలి దున్నాడు. మా చేనుకు తన ఎద్దులను పంపేవాడు. పెద్దమ్మ మజ్జిగ పంపేది. మా అమ్మ మొదట్లో తీసుకోలేదు, తర్వాత తీసుకోసాగింది. రెండు వాకిళ్ల మధ్య మళ్లీ దారి పడుతున్నదని చూసి నేను మద్రాసు వెళ్లాను.

అక్కడ ఒక సినిమా కంపెనీలో మాటలు శుభ్రంగా తిరగరాసే పని దొరికింది. నాకు మనుషులను అనుకరించడం చేతనవును. ఒకనాడు భోజనాల దగ్గర మా అత్తల గుడ్డల తగాదా చేసి చూపించాను. అక్కడున్నవాళ్లు తినడం మాని నవ్వారు. డైరెక్టరు దాన్ని అరగంట హాస్యచిత్రంగా రాయమన్నాడు. అప్పట్లో పెద్ద బొమ్మకు ముందు అలాంటివి వేసేవారు.

రాసింది చదివి వినిపిస్తుంటే దింపుడు కళ్లం దగ్గర ఆయన ఆపాడు. "అన్న తమ్ముడి చెవిలో ఏమంటాడు?" అన్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ ఏడిపిస్తే ఎట్లాగయ్యా? నవ్వు కావాలి."

నేను క్షణం కూడా ఆలోచించలేదు. పెదనాన్న గొంతుతోనే, "గట్టురాయి యాడ పూడ్చావో చెప్పి పోరా" అన్నాను. శవం ఒక కన్ను తెరిచి "చెప్పను" అంటుందని కూడా నేనే కలిపాను. ఇంకెవరో బలవంతం చేసి రాయించారని ఇన్నేళ్లూ ఒకరిద్దరికి చెప్పుకున్నాను. అది నిజం కాదు. వేషగాడికి ఆ కుంటినడక నేర్పింది కూడా నేనే.

యుద్ధం అయిపోయిన తర్వాత ఆ బొమ్మ మాచర్లలో డేరా సినిమాకు వచ్చింది. నేను ఊరికి వచ్చాను. మా ఊరివాళ్లు బండ్లు కట్టుకొని బయలుదేరారు. అందరికంటే ముందు బండి కట్టింది పెదనాన్న. "మా చిన్నోడి కొడుకు రాసిన బొమ్మ, నడవండి" అని వాకిలి వాకిలికీ తిరిగి చెప్పాడు. మా అమ్మను, పెద్దమ్మను తన బండిలోనే ఎక్కించుకున్నాడు.

డేరా యజమాని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. పెదనాన్న నేల మీద, మా ఊరివాళ్ల మధ్యలో కూర్చున్నాడు. అత్తల గుడ్డల దగ్గర అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. తెర మీద ఒకడు కుడికాలు ఈడ్చుకుంటూ చేలో నుంచి వచ్చేసరికి నవ్వు ఆపాడు. వేషగాడు చెవి దగ్గర వంగి ఆ మాట అన్నాడు. శవం కన్ను తెరిచింది. డేరా అంతా గొల్లుమంది. మా ఊరివాళ్లు తెరను వదిలేసి ఆయన వైపు తిరిగి చూశారు.

"ఏం పెద్దాయనా, ఇంతకీ రాయి దొరికిందా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మ ఆయన బండి ఎక్కలేదు. నా బండిలో కూర్చొని, "మంచిపని చేశావురా, బొమ్మలో పెట్టి" అంది. "లేకపోతే నాకు తెలిసేదే గాదు. శవాన్ని అడిగాడా ఆ మాట! అట్టాంటోడి ఇంటి మజ్జిగ తాగాను."

సినిమా కదమ్మా అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. పక్కన నిలబడ్డ కొడుకే రాశాడు కాబట్టి ఊరు కూడా నమ్మింది.

మరునాడు పొద్దున పెదనాన్న మా వాకిలి బయట నిలబడి పిలిచాడు.

"అబ్బాయ్, ఒకసారి ఇట్టా రా."

వెళ్లాను.

"బొమ్మ బాగుందిరా. జనం చానా నవ్వారు."

అమ్మకు వినపడకుండా నేను తలుపు దగ్గరికి వేశాను.

"నిప్పుకుండ పట్టుకొని నా పక్కనే ఉండావు. ఇన్నావు గదా?"

"విన్నాను పెదనాన్నా."

"ఊరు నవ్వితే నవ్వనీ. మీ అమ్మకు మాత్రం ఒక్కమాట చెప్పు. పొద్దున ఎద్దుల్ని తోలుకొస్తే ఎనక్కి పంపింది."

"చెబుతాను."

"ఇప్పుడే చెప్పు. నేనీడ ఉంటా."

"రైలుకు టైమయింది. మళ్లీ వచ్చినప్పుడు చెబుతాను."

రైలు మధ్యాహ్నం దాకా లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "సరే, పో మరి" అన్నాడు.

నేను చెప్పలేదు. చెబితే, ముందురోజు నన్ను మెచ్చుకున్న అమ్మ ముందు అబద్ధాలకోరునవుతాను. అంతే కారణం, ఇంకేమీ లేదు. తర్వాత రెండేళ్లలో రెండుసార్లు ఊరికి వచ్చాను. ఆయన అడగలేదు. నేను ఎదురుపడకుండా తిరిగాను. ఆయన వదిలింది మాకొద్దంటూ, ఆ గట్టును మా అమ్మ కూలివాళ్లతో తవ్వించి, వదిలిన సాలుతో సహా ఆయన వైపు పోయించింది.

ఒకరోజు అమ్మ ఎవరి చేతనో రాయించిన కార్డు వచ్చింది. మీ పెదనాన్న పోయాడు, నువ్వు రావాల్సిన పనిలేదు అని ఉంది. బయలుదేరి వచ్చేసరికి ఎనిమిదో రోజు. ఇంట్లో అడుగుపెట్టగానే తాలింపు వాసన వచ్చింది. దాయాది పోతే మాకు పది రోజులు మైల. ఇంట్లో తాలింపు పెట్టకూడదు. అమ్మ మైల పట్టలేదు. రోజూ తాలింపు పెట్టి, వాసన వీధిలోకి వెళ్లేట్టు తలుపు తెరిచి ఉంచుతున్నది.

పొయ్యి దగ్గరే కూర్చొని అంతా చెప్పాను. ఆయన చెవిలో అన్న మాట, నేను మార్చి రాసిన మాట, ఆయన వాకిలి దగ్గరికి వచ్చి అడిగింది.

అమ్మ నన్ను తిట్టలేదు. బాణలి దించి, కూర తీసుకెళ్లి గేదె కుడితిలో పోసింది. బావి దగ్గర కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకుంది. ఆ తడిబట్టలతోనే పెదనాన్న ఇంటికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

పెద్దమ్మ గడపలో కూర్చొని ఉంది. లేవలేదు.

"అక్కా, నాకు తెలియదు" అంది అమ్మ. "వీడు ఇప్పుడే చెప్పాడు."

"నాకు ఆయన ఆనాడే చెప్పాడు. నువ్వొచ్చి అడుగుతావేమోనని రెండేళ్లు చూశాడు. నువ్వు గట్టు తవ్విస్తుంటే అరుగు మీద కూర్చొని చూశాడు."

"మైల పడతానక్కా. ఈ రెండు రోజులన్నా నీ దగ్గర కూర్చుంటాను."

"ఎనిమిది రోజులు తాలింపు పెట్టుకున్నావు గదా, ఇంక మైలేంది?" అంది పెద్దమ్మ. "పదకొండోరోజు భోజనాలు పెడుతున్నాం. ఊరందరికీ చెప్పాం. ఊరితో పాటు నువ్వూ రా."

ఆ తర్వాత నా వైపు చూసింది. చిన్నప్పటి నుంచి నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి. "ఆయనకు మద్రాసులో పనులుంటాయి. ఆయన్ని ఉండమని ఎందుకు ఇబ్బంది పెట్టటం?" అని అమ్మతో అంది.

పదకొండోరోజు అమ్మ వెళ్లింది. అయినవాళ్ల పంక్తిలో కాకుండా, ఊరివాళ్ల పంక్తి చివర కూర్చొని తిని వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. కాళ్లు కడుక్కొని లోపలికి వచ్చాక, ఏమన్నారని అడిగాను.

"ఏమంటారు? అందరికీ వడ్డించినట్టే నాకూ వడ్డించారు" అంది.