నలుగురి చేతులు

ఒమాన్ వెళ్లిన కొత్తలో, నిజ్వా ఊరెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నతనికి రెండు చేతులకీ మోచేతుల దాకా పిండికట్లు. నా చేతిలో తెలుగు పత్రిక చూసి, "అన్నా, జెర నీళ్లు తాపుతవా?" అన్నాడు. తాగించి, ఏమైందని అడిగాను.

"సైట్ల మా రూమాయన మూడో అంతస్తు మీదికెళ్లి జారిండు. కింద నేనున్న, పట్టబోయిన. పాణం దక్కలే."

కట్ల వైపు చూసుకుంటూ తనే మళ్లీ అన్నాడు. "కాలేజీల మనిషి భుజాల మీద మనిషి నిలబడి పిరమిడ్ కట్టేటోళ్లం. పైనోడు దుంకితే పట్టుడు నా పని. మా ఆటల సారు మీదికెళ్లి ఇసుక బస్తాలు ఇడిసి నేర్పిండు. రెండేండ్లల్ల ఒక్కణ్ని గూడ కింద పడనియ్యలే."

"మరి మొన్న?"

"అక్కడ నలుగురం చేతులు గలిపి పడుతుంటిమి. సైట్ల నేనొక్కన్నే అన్నా."

ఆసుపత్రిలో రోజూ కట్లు కట్టేవాణ్ని, అలవాటుగా అతని వేళ్ల వాపు చూశాను.

ముందు సీటులో నిద్రపోతున్న ముసలాయన, బస్సు కుదిపినప్పుడల్లా పక్కకి ఒరిగిపోతున్నాడు. అప్పుడల్లా ఆ రెండు కట్లూ వాటంతటవే లేచేవి. మూడోసారి, ఎందుకో నేనూ చేతులు చాపాను.

అతను నా చేతుల వైపు చూశాడు.

"ఇంకిద్దరు గావాలె" అన్నాడు.