ఇద్దరు మేనేజర్లు, ఒక సర్వనామం

మా ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగులో చక్కెర కలుపుతారు. అడగరు, కలిపేస్తారు. నోయిడాకు వచ్చిన కొత్తలో దీని మీద కంప్లయింటు కూడా పెట్టాను. ఆ మర్నాటి నుంచి చక్కెర ఇంకాస్త పెరిగిందని నా అనుమానం.

ఆ పెరుగును తిట్టుకోవడానికి నాకొక తోడుండేది. మా టీములో మేనేజర్లం ఇద్దరమే: నేను, ఒక కరీంనగర్ అమ్మాయి. నన్ను అన్నా అనేది, ఇంటి నుంచి వచ్చిన చింతకాయ తొక్కు నాకూ పెట్టేది. ఇక మీదట ఈ టీముకు ఒక్క మేనేజరే చాలునని పైవాళ్ళు అనుకుంటున్నట్టు తెలిసినప్పటి నుంచి, తొక్కు కాస్త ఎక్కువే పెడుతోందనిపించింది.

పైవాళ్ళంటే ఇద్దరు కొరియన్ పెద్దమనుషులు. మాతో ఇంగ్లీషు, వాళ్ళలో వాళ్ళకు కొరియన్. మీటింగు మధ్యలో నా వైపోసారి, ఆ అమ్మాయి వైపోసారి చూసి, మెల్లగా ఏదో అనుకుని, మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చి స్లైడు మార్చమనేవారు.

భాషంతా నేర్చుకునే ఓపిక నాకు లేదు. 'అతను', 'ఆమె' తెలిస్తే చాలు, పోయేదెవరో తేలిపోతుంది. పైగా మన ఇళ్ళలో ఒక మనిషికి ఎంత విలువుందో తెలియడానికి వాక్యమంతా వినక్కర్లేదు కదా. వాడు, అతను, ఆయన... ఏ మెట్టు మీద ఆగారో చూసుకుంటే సరి. కొరియాలోనూ అంతే అనుకున్నాను. యూట్యూబులో వెతికితే దొరికాయి. అతను అంటే 'గు', ఆమె అంటే 'గున్యో'.

తర్వాతి మీటింగులో చెవులు రిక్కించి కూర్చున్నాను. గున్యో ఒక్కసారీ రాలేదు. గు మాత్రం ప్రతి వాక్యంలోనూ ఉంది. ఇంటికెళ్ళి రెజ్యూమె దుమ్ము దులిపాను.

అయినా రూఢి చేసుకుందామని ఆదివారం లక్ష్మీనగర్‌లో ఒక కొరియన్ బిగినర్ల క్లాసుకు వెళ్ళాను. గదినిండా కొరియన్ సీరియళ్ళ హీరోల కోసం వచ్చిన ఆడపిల్లలు. టీచర్ ఢిల్లీ అమ్మాయి. నా సందేహం విని నవ్వింది.

"అరే అంకుల్, అవి పుస్తకాల్లో రాసే మాటలు. మాట్లాడేటప్పుడు ఆ 'గు' చాలాసార్లు ఉత్త నసుగుడే. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని అతను, ఆమె అంటే మర్యాద కాదు. హోదా చెప్పి చివర 'నిమ్' తగిలిస్తారు. మేనేజర్-నిమ్. బస్."

"దీదీ, ఇద్దరు మేనేజర్లుంటే?"

అడిగింది నేను కాదు. ప్రశ్న వెనక బెంచీ నుంచి వచ్చింది. హిందీలోనే అయినా అందులో కరీంనగర్ ఎక్కడికీ పోలేదు.

"ముందు పేరు చేరుస్తారు," అంది టీచర్. "పేరు బయటపడకూడదనుకుంటే అసలేమీ అనరు. కొరియన్‌లో మనిషి ఊసెత్తకుండానే వాక్యం నడిచిపోతుంది."

క్లాసయ్యాక కింద చాయ్ బండి దగ్గర ఇద్దరం నిలబడ్డాం. సీరియళ్ళు అర్థం చేసుకుందామని వచ్చానన్నాను. తనూ అంతేనంది. ఒకరినొకరం నమ్మినట్టు తలలూపుకున్నాం. చాయ్ సగమయ్యాక నేనే బయటపడ్డాను.

"నీక్కూడా నాలాగే భయం పట్టుకుందా?"

"భయమెందుకన్నా? ఎవర్ని తీసెయ్యాల్నో పోయిన వారం నన్నే అడిగిండ్రు, ఇంగ్లీషులనే. నీ పేరే చెప్పిన. నా మాట ఇన్నరో లేదో తెలుసుకుందామని వచ్చిన."