మెట్ల మధ్యలో బెరిల్

మా పక్కింటి మెర్విన్ ప్రోథరో మా అబర్‌టిలరీ ఊరి కొండవాలు మీద ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. అతని భార్య బెరిల్‌కు తుంటికి రెండుసార్లు ఆపరేషన్ జరిగింది. ఆమె మేడ మీది నుంచి దిగాలంటే మెట్ల గోడ వెంట పట్టా మీద జారే కుర్చీలో కూర్చుని మీట నొక్కాలి. ఎవరో వాడి వదిలేసిన పాత కుర్చీ అది. బ్యాటరీ లేదు, కరెంటు ఉంటేనే కదులుతుంది.

వాళ్ల కరెంటు మీటరు ముందే డబ్బు వేసుకునే రకం. దానికో ప్లాస్టిక్ తాళంచెవి ఉంటుంది. దాన్ని కొట్టుకు తీసుకెళ్లి డబ్బు వేయించుకుని, ఇంటికొచ్చి, స్టూలెక్కి, వీధి తలుపు పైనున్న మీటరులో పెట్టాలి. ఇరవై ఏళ్లుగా ఆ పని మెర్విన్‌దే. బెరిల్ ఆ తాళంచెవిని ముట్టుకున్నది కూడా లేదు.

ఆఫీసు నుంచే నడపగలిగే స్మార్ట్ మీటరు పెడతామని కరెంటు కంపెనీ మూడు ఉత్తరాలు రాసింది. మూడింటినీ మెర్విన్ సొరుగులో పడేశాడు.

"ఎక్కడో ఆఫీసులో కూర్చున్నోడు మనింట్లో కరెంటు ఆపేస్తాడా? ఎవడు వాడు?" అనేవాడు. బెరిల్ వాదించేది కాదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున ఆమె స్నానం చేసి కిందికి దిగుతుండగా సగం మెట్ల దగ్గర కుర్చీ ఆగిపోయింది. డబ్బు అయిపోతే మీటరు అత్యవసరానికని కాస్త అరువిస్తుంది. అది కూడా ముందురోజే వాడేసిన సంగతి మెర్విన్ మరిచిపోయాడు.

"కదలకు, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా."

"ఎక్కడికి కదుల్తాను, మెర్విన్?"

కొట్లో తాళంచెవికి డబ్బు వేసే మిషన్ పాడైంది. "కొండ కింది కొట్టుకెళ్లాల్సిందే, నేనేం చెయ్యను చెప్పు," అంది కొట్టామె కరిస్. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. మెర్విన్ వానలో రెండు మైళ్లు నడిచాడు.

బెరిల్ కేక గోడ ఇవతలికి వినిపించి నేను వెళ్లాను. కరెంటు లేక బాయిలరు ఆగిపోవడంతో ఇల్లు అప్పటికే చల్లబడింది. పట్టుకుని దింపుతానంటే ఒప్పుకోలేదు. "పడ్డానంటే మూడో ఆపరేషనే," అంది. దుప్పటి కప్పి, మా ఇంట్లో టీ పెట్టుకొచ్చి, కింది మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమె ఎదురుగోడ వంక పరీక్షగా చూడసాగింది.

"ఏంటి ఆలోచిస్తున్నావ్?"

"ఆ గోడకు అంటించిన రంగు కాగితం నేను ఎంచుకున్నది కాదు," అంది. "ఈ ఇంట్లో నేను ఎంచుకున్నది ఏముందా అని చూస్తున్నా."

మెర్విన్ రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. నిలువునా తడిసిపోయాడు. తడి చేతుల్లోంచి తాళంచెవి రెండుసార్లు జారిపోయింది. చివరికి కుర్చీ కదిలింది. అతను ఏదో చెప్పబోతే బెరిల్ ఆపింది.

"ఆ ఉత్తరాలు పట్రా. నా ఫోను కూడా."

కంపెనీతో తనే మాట్లాడి, మెట్ల మీద ఇరుక్కున్న సంగతీ చెప్పింది. మెర్విన్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

రెండు వారాలకు మీటరు మార్చడానికి నెరిస్ అనే అమ్మాయి పనిముట్ల సంచితో వచ్చింది. డబ్బు ముందే వేసుకోవడం మారదనీ, ఇకనుంచి కుర్చీలోంచే ఫోనులో వేసుకోవచ్చనీ చెప్పింది. మెర్విన్ ఆమె వెనకే తిరిగాడు.

"దూరం నుంచి ఆపెయ్యగలరా, లేదా? అది చెప్పు."

"ఆపగలరండీ, అబద్ధం ఎందుకు చెప్తాను? అయితే కరెంటు పోకుండా జాగ్రత్తగా చూసుకోవాల్సిన వాళ్ల జాబితాలో అమ్మగారి పేరు రాయించాం."

"జాబితా ఉందని నమ్మి కూర్చోమంటావా?"

నెరిస్ స్క్రూ బిగించడం ఆపి వెనక్కి తిరిగింది. "మొన్న అమ్మగారు మెట్ల మీద ఇరుక్కున్నప్పుడు కరెంటు ఆపింది ఆఫీసువాళ్లా?"

మెర్విన్ వంటింట్లోకి వెళ్లిపోయాడు.

పని అయ్యాక, డబ్బు వేసే ఏర్పాటు ఎవరి ఫోనులో పెట్టాలని నెరిస్ అడిగింది. మెర్విన్ జేబు తడుముకునేలోపే బెరిల్ తన ఫోను ఆమె చేతిలో పెట్టింది. ఎలా వాడాలో రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి తనే చేసి చూపించింది. ఏప్రిల్ నాటికి వీధిలో మరో ఇద్దరు ముసలమ్మలకు నేర్పింది కూడా.

మెర్విన్‌కు మాత్రం కుదురు చిక్కలేదు. మొన్న నేను వెళ్లేసరికి ఆమె కుర్చీ పక్కనే తచ్చాడుతున్నాడు.

"మీటరులో ఇంకా ఎంత డబ్బుంది, బెరిల్?"

"నీకెందుకు? లైటు వెలుగుతోందిగా," అంది ఆమె, పేపరులోంచి తల ఎత్తకుండానే.