టేపు మావయ్యకు నచ్చిన గది

టేపు మావయ్య కొలవందే దేన్నీ నమ్మడు. ముప్పై ఎనిమిదేళ్ళు కర్టెన్లు కుట్టి బతికిన మనిషి. కిటికీ ఇంత ఉంటుందని ఇంటివాళ్ళు ఎంత ఒట్టేసి చెప్పినా, తన టేపు పెట్టనిదే గుడ్డకి కత్తెర పెట్టలేదు. జనం అబద్ధాలాడరు, అంచనాలు వేస్తారు, అది ఇంకా ప్రమాదం అంటాడు. పెళ్ళికి ముందు అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, మంచినీళ్ళైనా ఇవ్వకుండా గుమ్మంలో నిలబెట్టి ఎత్తు కొలిచాడు. గుమ్మం కన్నా అంగుళమున్నర తక్కువని తేలాకే లోపలికి రమ్మన్నాడు. అల్లుడు అప్పుడే పారిపోవాల్సింది. పారిపోలేదు, ఇప్పుడు అనుభవిస్తున్నాడు.

అల్లుడు సిటీ బస్సులో కండక్టరు. పొద్దుట్నుంచీ ముందుకి జరగండి, ముందుకి జరగండి అని అరిచి అరిచి, సాయంత్రానికి గొంతూ ఉండదు, కాళ్ళూ ఉండవు. అలాంటివాణ్ణి, డ్యూటీ దిగగానే అత్తారింటికెళ్ళి హోటళ్ళకి ఫోన్లు చెయ్యమని పెళ్ళాం పురమాయించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సంగతేమిటంటే, అత్తయ్య పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఆవిడ మొగుణ్ణి చీర అడగలేదు, నగ అడగలేదు, సముద్రం ఒక్కటే అడిగింది. కూతురూ అల్లుడూ కలిసి ఒక దీవికి టిక్కెట్లు కొన్నారు. నాలుగు రోజులు, ముసలివాళ్ళిద్దరే. ఇక కుదరాల్సింది హోటల్లో గది. అది రెండు వారాలైనా కుదరలేదు. శనివారం లోపు గది తేలకపోతే టిక్కెట్లు రద్దు చేస్తానని కూతురు తేల్చి చెప్పింది. ఆ తర్వాత వానలు మొదలైతే మళ్ళీ ఏడాది దాకా ఆ దీవికి పడవలుండవు.

మొదటి హోటలువాళ్ళు ఈతకొలను ఉందన్నారు, కిటికీ తీస్తే సముద్రమే అన్నారు. మావయ్య చెవిన అవేవీ పడలేదు.

"మంచం నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులో అడుగు."

దగ్గరేనండీ అంది ఫోనులో అమ్మాయి. దగ్గర అనేది కొలత కాదని మావయ్య ఆ హోటలు కొట్టేశాడు. రెండోదాంట్లో మంచం గది నడిమధ్య ఉంది. మూడోదాంట్లో స్నానాలగది ఎడమవైపు ఉంది, కుడివైపు ఉండాలట. నాలుగోదాంట్లో దారికి అడ్డంగా గాజుబల్ల. ఏడో హోటలు మేనేజరు విసిగి వేసారి, తనే టేపు పట్టుకుని గదంతా కొలిచి, బొమ్మ గీసి పంపించాడు. అన్నీ సరిపోయాయి. అల్లుడు దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకునే లోపు, స్నానాలగదికి నాలుగు వేళ్ళ ఎత్తు గడప ఉందని మావయ్య కనిపెట్టాడు.

అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి, ఏదో ఒకటి ఖాయం చేద్దామన్నాడు. "ఇంతకీ మీరు వెళ్ళేది సముద్రం చూడ్డానికా, గది చూడ్డానికా మావయ్యా?"

"గది కుదరనీ, సముద్రం ఎక్కడికీ పోదు" అన్నాడాయన, తొణక్కుండా.

శుక్రవారం సాయంత్రం అల్లుడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి అత్తామావల గదిలో కూలబడ్డాడు. కాళ్ళు పీకేస్తుంటే, గోడవార ఉన్న ముక్కాలిపీట లాక్కుని కాసేపు కాళ్ళు చాపుకున్నాడు. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి ఫోను తీశాడు. కిటికీలోంచి వెలుతురు ఇంకా బాగానే ఉంది. అత్తయ్య రెండు గ్లాసులతో టీ పట్టుకుని ఎప్పట్లాగే చకచకా వచ్చింది. వచ్చి నేరుగా ఆ పీటకి తగులుకుంది. ఒక గ్లాసు పడి పగిలింది. ఆవిడ పడిపోకుండా ఆపుకుంది గానీ, పక్కనున్న కుర్చీని పట్టుకోబోయి గాలిని పట్టుకుంది.

"ఎవరు పెట్టారిది ఇక్కడ?"

అల్లుడు నోరు తెరిచేలోపే మావయ్య అందుకున్నాడు. "నేనే. కిటికీ పైఅంచు కొలుద్దామని తెచ్చా."

ఇహ చూడండి, ఆవిడ ఆయన్ని కడిగి ఆరేసింది. ఆయన తల దించుకుని అన్నీ పడ్డాడు. పైగా తృప్తిగా కనిపించాడు. ఆవిడ తుడిచే గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళింది, చెయ్యి గోడకి ఆనించుకుని, అడుగులు లోలోపల లెక్కపెట్టుకుంటూ.

అల్లుడు గది కలయజూశాడు. ఎడమ గోడకి మంచం. కుడివైపు స్నానాలగది, గడప లేదు. మధ్యలో పూచికపుల్ల అడ్డం లేదు. రెండు వారాలుగా తను ఫోన్లో వెతుకుతున్నది ఈ గదినే.

"ఎప్పట్నుంచి మావయ్యా?"

"రెండేళ్ళు. మీ అత్తయ్య కళ్ళకి పక్కల నుంచి మసక కమ్ముకొస్తోంది. ఎదుటిది ఇంకా కనిపిస్తోంది గానీ, వచ్చే ఏడు సంగతి చెప్పలేనన్నాడు డాక్టరు. అమ్మాయికి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. కొత్తచోట తడుముకుంటే నలుగురూ జాలిగా చూస్తారని దాని బాధ. నన్ను పిచ్చోడనుకుంటే నాకేం, అరిగిపోతానా?"

ఆయన జీవితమంతా గోడని బట్టి గుడ్డ కోశాడు. గోడనే జరపమని అడగడం ఆయన బుర్రకి తట్టే సంగతి కాదు. అల్లుడికి తట్టింది, జనాన్ని జరగమనడమే వాడి ఉద్యోగం. తొమ్మిదో హోటలుకి ఫోను కలిపాడు. స్నానాలగది ఎటువైపో అడిగాడు, కుడివైపన్నారు.

"అయితే మంచాన్ని ఎడమ గోడకి జరిపించండి. మధ్యలో ఏమున్నా తీయించెయ్యండి. ఊడ్చేవాళ్ళు కూడా మళ్ళీ ఏదీ జరపకూడదు."

దానికేముందండీ, చేయిస్తాం అన్నాడు అవతలివాడు. రెండు వారాల పని రెండు నిమిషాల్లో తెగేసరికి మావయ్య నోరెళ్ళబెట్టాడు. ఇంతకీ దిగేది ఎవరని అడిగాడు అవతలివాడు.

"మా మావగారండీ. కాస్త చాదస్తం మనిషి."

"కాస్తేమిటి బాబూ" అంది అత్తయ్య, గుడ్డతో గుమ్మంలో నిలబడి. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ చూడలేదు. మొగుడున్న వైపు తిరిగి నవ్వింది. "గడప ఉందేమో కూడా అడుగు. మీ మావయ్య చూసుకోరు, తట్టుకుని పడతారు."

అల్లుడు అడిగాడు. లేదన్నారు.